పట్టాయలో ఒకావిడకి 10 బాట్, మాకు 200 బాట్. షేర్ ట్యాక్సీ రేటు ఎలా మాట్లాడుకోవాలి?

లగేజీ_రావు
థాయ్‌లాండ్‌లో బాగా తిరిగినవాళ్లు ఎవరైనా చెప్పండి. ప్రస్తుతం పట్టాయలో ఉన్నాం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు. వెనక రెండు బెంచీలు వేసి పైన టాపు కప్పిన నీలం రంగు పికప్ బండ్లు తిరుగుతుంటాయి కదా, సాంగ్‌థేవ్‌లు, వాటితోనే నా బాధంతా. పొద్దున హోటల్ ముందు ఒకటి ఆగి ఉంటే బాలీహై జెట్టీకి ఎంత అని అడిగా. 300 బాట్ అన్నాడు. వద్దని నాలుగడుగులు ముందుకేసి, వెనక్కి పిలిపించుకుని, 200కి ఒప్పించా. మన డబ్బుల్లో ఐదొందలకి తక్కువ కాదు, దూరం చూస్తే రెండు కిలోమీటర్లు కూడా లేదు. పర్లేదు, వంద తగ్గించాం అనుకుంటుంటే దారిలో సిగ్నల్ దగ్గర పక్కన ఇలాంటిదే ఇంకో బండి ఆగింది. ఒకావిడ కూరగాయల సంచితో దిగి, ముందు కిటికీలోంచి పది బాట్ల బిళ్ల ఒక్కటి డ్రైవర్ చేతిలో పెట్టి తన దారిన తను పోయింది. మా అత్తగారు అది చూసేశారు. అప్పట్నుంచి "ఆవిడకి పదేనట కదా అల్లుడూ" అని అడుగుతూనే ఉన్నారు. విదేశీయులమని మనకో రేటు, వాళ్లకో రేటా? బేరం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి? తర్వాత చియాంగ్ మై కూడా వెళ్తున్నాం.

పప్పుచారు_ప్రసాద్
అత్తమామలతో పట్టాయా? ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

లగేజీ_రావు
కోహ్ లార్న్ దీవికి పడవ ఎక్కడానికి జెట్టీకి వెళ్లాం సార్. మీరనుకునే చోటికి కాదు.

పప్పుచారు_ప్రసాద్
అందరూ జెట్టీకే వెళ్తారు లెండి.

సుఖుమ్విట్_శీను
బేరం బానే ఆడారు గానీ అక్కడ అసలు బేరం పనే లేదు రావుగారూ. బండి ఒకటే, నడిచే పద్ధతులు రెండు. రోడ్డు మీద పోతూ ఉన్నది రూటు బండి. పట్టాయలో బీచ్ రోడ్, సెకండ్ రోడ్ రెండూ వన్‌వేలే. బీచ్ రోడ్ మీద దక్షిణానికి, సెకండ్ రోడ్ మీద ఉత్తరానికి, డాల్ఫిన్ రౌండెబౌట్ దగ్గర మలుపు తీసుకుని రోజంతా అలా చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. చెయ్యెత్తితే ఆగుతాడు. ఏమీ మాట్లాడకుండా వెనక ఎక్కి కూర్చోవడం, దిగే చోటు వస్తుందనగా టాపుకి ఉన్న బజర్ నొక్కడం, దిగి ముందుకెళ్లి కిటికీలోంచి తలకి 10 బాట్ చొప్పున ఇవ్వడం. మీరు చూసినావిడ చేసింది అదే. ఆవిడ థాయ్ అని పది తీసుకోలేదు, ఆ బండి ఎక్కితే మీకైనా పదే.

హోటల్ ముందు, మాల్ ముందు ఖాళీగా ఆగి ఉన్న బండి మాత్రం స్పెషల్ కోసం చూస్తుంటుంది. మీరు "ఎంత" అన్నారంటే బండి మొత్తం మాట్లాడుకుంటున్నారనే అతను లెక్కేసుకుంటాడు. మెహదీపట్నంలో షేర్ ఆటో ఎక్కే ముందు ఎవరైనా "టోలీచౌకికి ఎంత తీసుకుంటావ్ భయ్యా" అని అడుగుతారా? అడిగితే వాడు కూడా స్పెషల్ రేటే చెప్తాడు.

బెజవాడ_బుల్లబ్బాయి
శీను గారు చెప్పినట్టే అడక్కుండా ఎక్కేసి మునిగినవాణ్ణి నేను. పట్టాయలో కాదు, సముయ్ దీవిలో. చావెంగ్ బీచ్ దగ్గర రాత్రి పదకొండు దాటాక ఒక సాంగ్‌థేవ్ వస్తుంటే చెయ్యెత్తాం, ఆగాడు, నవ్వాడు, ఎక్కాం. లమాయ్‌లో దిగాక 600 అన్నాడు, ఇద్దరికి. మాతో పాటు బండిలో ఇంకెవరూ లేరు, అప్పుడైనా అనుమానం రావాలి కదా అంటారేమో, హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాం. కాబట్టి ఎక్కడైనా సరే, ముందు రేటు తేల్చుకుని తర్వాతే కాలు లోపల పెట్టండి.

సుఖుమ్విట్_శీను
బుల్లబ్బాయి గారు, మీరు చెప్పింది నిజమే, కానీ అది సముయ్, పైగా రాత్రి. సముయ్‌లో పగలు బండి ముందు బోర్డు మీద ఏ బీచ్‌కో రాసుంటుంది, దూరాన్ని బట్టి మనిషికి 50 నుంచి 100 దాకా తీసుకుంటారు. చీకటి పడ్డాక అవే బండ్లు ట్యాక్సీల లెక్కన నడుస్తాయి. అక్కడ రాత్రి తప్పకుండా అడగాలి. పట్టాయ రూటు మీద మాత్రం అడక్కూడదు. ఊరిని బట్టి, పొద్దును బట్టి మారుతుంది, అన్ని చోట్లా ఒకే సూత్రం పనిచెయ్యదు.

వైజాగ్_వనజ
ఆగి ఉన్నవన్నీ స్పెషల్ అనేసుకోకండి మళ్లీ. సెకండ్ రోడ్, సౌత్ పట్టాయ రోడ్ కలిసే మూల మీద వరుసగా బండ్లు ఆగి ఉంటాయి, అవి జోమ్‌తియన్ బీచ్‌కి వెళ్లే షేరింగ్ బండ్లు. నిండేదాకా ఆగుతారు. అక్కడ కూడా ఎవర్నీ ఏమీ అడక్కుండా, ముందున్న బండిలో జనం కూర్చుని ఉంటే వాళ్ల పక్కన సర్దుకోండి. మా చెల్లెలు మర్యాదగా డ్రైవర్ దగ్గరికెళ్లి "జోమ్‌తియన్?" అంది, వెంటనే వెనక ఉన్న ఖాళీ బండి చూపించి 150 అన్నాడు. ఆ మాట వినపడనట్టు ముందు బండి ఎక్కేశాం. అతనూ నవ్వి ఊరుకున్నాడు.

కరీంనగర్_కిట్టు
చిల్లర సంగతి ఎవ్వరు చెప్తలేరు. పది బాట్ల బిళ్లలు, ఇరవై నోట్లు జేబుల పెట్టుకోండ్రి అన్నా. వెయ్యి నోటు ఇస్తే డ్రైవర్ ముఖం చూడాలె. సెవెన్ ఇలెవెన్‌ల నీళ్ల బాటిల్ కొని వెయ్యి మార్చుకోండ్రి, వాళ్లు ఏమనరు. వంద నోటిచ్చి నిలబడితే "ఎంత తీసుకుంటవో తీసుకో" అన్నట్టే అయితది.

లగేజీ_రావు
ఇది బాగుంది. అయితే ఆరుగురికి అరవై. పొద్దున 200 ఇచ్చిన చోట. మా అత్తగారికి ఈ చర్చ చూపించను.

నెల్లూరు_నాయుడు
ఎంతసేపూ డ్రైవర్లదే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు గానీ అతని వైపు నుంచి కూడా చూడండి. వెనక బండికి పదిమంది పడతారు, ఆ పైన మెట్టు మీద నిలబడేవాళ్లు. నిండా ఎక్కితే వంద బాట్. అందులోనే డీజిల్, బండి కిస్తీ. ఆరుగురు హోటల్ ముందు ఎక్కి, ఇంకెవర్నీ ఎక్కించొద్దు, నేరుగా జెట్టీకి పో అంటే, అతను రూటు వదులుకుని, వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి. 200 నాకైతే అన్యాయంగా అనిపించలేదు. 300 ఎక్కువ, ఒప్పుకుంటా.

బెజవాడ_బుల్లబ్బాయి
నాయుడు గారూ, ఇద్దరికి 600 కూడా డీజిలేనా?

నెల్లూరు_నాయుడు
కాదు. అది దోపిడీ.

గోదారి_గట్టు
నాకు మండేది విదేశీయుల రేటు గురించే. సాంగ్‌థేవ్ సంగతి వదిలెయ్యండి, ఎరవాన్ జలపాతం దగ్గర ప్రభుత్వమే బోర్డు పెట్టి మరీ మన దగ్గర 300 బాట్ తీసుకుంటుంది, వాళ్లవాళ్లకి అందులో చిన్న భాగం. సర్కారే అలా చేస్తుంటే డ్రైవర్ ఎందుకు చెయ్యడు?

పప్పుచారు_ప్రసాద్
గోల్కొండ టికెట్ కౌంటర్ దగ్గర ఎప్పుడైనా బోర్డు చదివారా గట్టు గారూ? మనకి 25, విదేశీయులకి 300. తాజ్‌మహల్ దగ్గర మనకి 50, వాళ్లకి 1100.

వైజాగ్_వనజ
ఇంకో తమాషా చెప్పనా. పురావస్తు శాఖ టికెట్లలో సార్క్, బిమ్స్‌టెక్ దేశాల వాళ్లని విదేశీయుల లెక్కలో వెయ్యరు. బిమ్స్‌టెక్ అంటే బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి, థాయ్‌లాండ్ అందులో ఉంది. అంటే బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్లు చార్మినార్ ఎక్కితే మన టికెట్టే. వాళ్ల జలపాతం దగ్గర మనకి ఆ లెక్క లేదు.

గోదారి_గట్టు
ఇది విన్నాక ఇంకా మండుతోంది.

చియాంగ్‌మై_టీచరమ్మ
ఇక్కడే ఉంటాను, పిల్లలకి లెక్కలు చెప్తాను. రావుగారు చియాంగ్ మై అన్నారు కాబట్టి చెప్తున్నా, పట్టాయలో నేర్చుకున్నది ఇక్కడికొచ్చాక సగం మర్చిపోవాలి. ఇక్కడ ఊళ్లో తిరిగేవి ఎర్ర బండ్లు. వాటికి గీత గీసినట్టు రూటు ఉండదు. చెయ్యెత్తి ఆపి, ముందు కిటికీ దగ్గరికెళ్లి ఎక్కడికో చెప్పాలి. అతను అటు పోతుంటే తలాడిస్తాడు, లేదంటే అడ్డంగా ఊపి వెళ్లిపోతాడు. ముందే ఎక్కినవాళ్లు ఎటు పోతుంటే బండి అటే, మధ్యలో ఇంకెవరో ఎక్కితే కొంచెం చుట్టు తిరగాల్సి రావచ్చు. ఊళ్లో తలకి 30 బాట్. చోటు పేరు చెప్పండి, రేటు అడగకండి. దిగాక 30 చొప్పున చేతిలో పెట్టండి. ఎక్కే ముందే అతను 100 అన్నాడంటే, నవ్వుతూ "30" అనండి. కాదంటే వదిలెయ్యండి, రెండు నిమిషాల్లో ఇంకో ఎర్ర బండి వస్తుంది. గొంతు పెంచొద్దు. ఇక్కడ నలుగురిలో అరిచి బేరమాడితే రేటు తగ్గకపోగా అవతలి మనిషి బిగుసుకుపోతాడు. మన రైతుబజార్ గొంతు ఇక్కడ పనికిరాదు.

చోటు చెప్పేటప్పుడు మీ గెస్ట్‌హౌస్ పేరు చెప్పకండి, ఈ ఊళ్లో అలాంటివి వందలున్నాయి. దగ్గర్లో ఉన్న గుడి పేరో, కోట గుమ్మం పేరో చెప్పండి. థా ఫే గేట్, చాంగ్ ఫువాక్ గేట్, ఇవైతే ఎవరికైనా తెలుసు. మ్యాప్‌లో థాయ్ లిపిలో పేరు తెరిచి చూపిస్తే ఇంకా మంచిది. పసుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ బండ్లు కూడా కనిపిస్తాయి, అవి చుట్టుపక్కల ఊళ్లకి పోయేవి. పసుపుది మే రిమ్ వైపు, తెల్లది సాన్ కంఫేంగ్ వైపు, నీలంది లంఫూన్‌కి. రంగు చూడకుండా ఎక్కితే ఊరు దాటేస్తారు.

కరీంనగర్_కిట్టు
టీచరమ్మా, డోయ్ సుతేప్ గుట్ట మీది గుడికి?

చియాంగ్‌మై_టీచరమ్మ
చాంగ్ ఫువాక్ గేట్ దగ్గర, జూ దగ్గర, యూనివర్సిటీ ముందు ఆ గుడి కోసమే బండ్లు ఉంటాయి కిట్టూ. అక్కడ మాత్రం మనిషికింత అని బోర్డు ఉంటుంది, పదిమంది అయితేనే కదులుతాడు. ఎనిమిది మంది చేరి అరగంట నుంచి కూర్చుని ఉంటే డ్రైవర్ "మిగతా రెండు సీట్ల డబ్బులు కూడా మీరే పంచుకుంటారా, ఇప్పుడే పోదాం" అంటాడు. అది మోసం కాదు, మామూలే. తలకి పది బాట్ ఎక్కువైనా ఒప్పేసుకోండి, ఎండెక్కకముందే పైకి చేరతారు. రావుగారి ఇల్లు ఆరుగురు కాబట్టి ఇంకో నలుగురు దొరికితే చాలు.

లగేజీ_రావు
స్పెషల్ మాట్లాడుకోవాల్సి వస్తే ఏం చెయ్యాలి అది కూడా చెప్పండి. మామగారికి మోకాళ్ల నొప్పులు, మెట్టెక్కి వంగి లోపలికి పోవడం రోజంతా కుదరదు.

సుఖుమ్విట్_శీను
స్పెషల్‌లో బేరం తప్పు కాదు, అందరూ ఆడతారు, థాయ్ వాళ్లు కూడా. అసలు తగాదా ఎక్కడొస్తుందంటే, మనం 200 మొత్తానికి అనుకుంటాం, దిగాక అతను మనిషికి 200 అంటాడు. కొన్నిసార్లు కావాలని, కొన్నిసార్లు నిజంగానే అర్థం కాక. దానికి మందు ఒకటే. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి 200 కొట్టి చూపించి, వేలితో మీ ఆరుగుర్నీ చుట్టి చూపించండి, అతను తలాడించాకే ఎక్కండి. రానూపోనూ అయితే 200 పక్కన ఇంకో 200 కలిపి మొత్తం చూపించండి, అక్కడ ఎంతసేపు ఆగాలో గంట కూడా చూపించండి. డబ్బులు మాత్రం తిరిగొచ్చాకే. సగం ముందిమ్మంటే ఇవ్వొద్దు. ఎక్కే ముందు నంబర్ ప్లేట్ ఫొటో తీసుకోండి, చాటుగా కాదు, అతనికి కనపడేలా.

వైజాగ్_వనజ
ఆరుగురు, పైగా పెద్దవాళ్లు, పెట్టెలు ఉంటే సాంగ్‌థేవ్ పట్టుకుని వేలాడటం ఎందుకండీ? గ్రాబ్, బోల్ట్ యాప్‌లలో పెద్ద కారు పెట్టుకోండి. ఎక్కకముందే రేటు తెర మీద కనిపిస్తుంది, ఎవరితోనూ నోరు పారేసుకోనక్కర్లేదు. సాంగ్‌థేవ్ ఒకటో రెండో సార్లు సరదాకి బావుంటుంది, వెనక గాలి తగులుతుంటే పిల్లలకి పండగే. పెట్టెలతో మాత్రం నరకం. మా పెద్ద సూట్‌కేస్ బెంచీల మధ్య పెడితే ఎదురుగా కూర్చున్న ముసలాయన కాళ్లు పైకి మడుచుకుని పది నిమిషాలు అలాగే కూర్చున్నాడు పాపం, ఒక్క మాట అనలేదు. మేమే సిగ్గుపడి ముందు స్టాపులో దిగిపోయాం.

బెజవాడ_బుల్లబ్బాయి
ఫుకెట్‌లో యాప్ కూడా తక్కువేం కాదు మేడమ్. అక్కడ టుక్‌టుక్ అంటే మూడు చక్రాలది కాదు, నాలుగు చక్రాల చిన్న ఎర్ర వ్యాన్. పటోంగ్ బీచ్ నుంచి కటా బీచ్‌కి నాలుగైదు వందలు అడుగుతారు, వాళ్లలో వాళ్లకి ఒప్పందం ఉన్నట్టు ఒక్కడూ తగ్గడు. ఎన్ని అడుగులు ముందుకేసినా వెనక్కి పిలవడు.

నెల్లూరు_నాయుడు
ఫుకెట్‌లో పగలు నీలం సాంగ్‌థేవ్‌లు ఉన్నాయి కదా. ఫుకెట్ టౌన్‌లో రనోంగ్ రోడ్ మార్కెట్ దగ్గర బయల్దేరి పటోంగ్‌కి, కరోన్, కటా వైపు పోతాయి. చిక్కేంటంటే అన్నీ టౌన్ నుంచి చక్రం ఆకుల్లా బయటికి పోయేవే, ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కి నేరుగా పోవు, పైగా సాయంత్రం ఐదారు అయితే ఆఖరి బండి కూడా పోతుంది. టుక్‌టుక్ వాళ్ల గిరాకీ అంతా ఆ తర్వాతే. ఎయిర్‌పోర్ట్ నుంచి బీచ్‌ల మీదుగా స్మార్ట్ బస్ ఉంది, 100 బాట్, ఎక్కడెక్కి ఎక్కడ దిగినా అంతే.

ఉప్పల్_ఉమేశ్
నాదో చిన్న డౌట్. బ్యాంకాక్‌లో మీటర్ ట్యాక్సీ అతను మీటర్ వెయ్యనంటే? "ట్రాఫిక్, ట్రాఫిక్, 400" అంటాడు.

సుఖుమ్విట్_శీను
దిగి ఇంకోటి ఆపు తమ్ముడూ. మీటర్ 35 దగ్గర మొదలవుతుంది, 400 కావాలంటే చాలా దూరమే పోవాలి. గుడి ముందు, మాల్ ముందు ఆగి ఉన్న ట్యాక్సీని వదిలేసి రోడ్డు మీద పోతున్నదాన్ని ఆపు, అద్దం మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఖాళీ అని. సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్ నుంచి అయితే కింది అంతస్తులో మెషీన్ దగ్గర చీటీ తీసుకో, మీటర్ మీద 50 బాట్ అదనం, టోల్ కడితే అది కూడా నీదే. అవి మోసం కాదు, రూలే. సామాను తక్కువుంటే రైలు లింక్ ఎక్కి ఫయా థాయ్ దాకా 45 బాట్‌తో పో. మీటర్ వెయ్యకపోతే ఫిర్యాదుకి 1584, అది రవాణా శాఖది. గొడవ ముదిరితే టూరిస్ట్ పోలీస్ 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

గోదారి_గట్టు
ఫోన్ చేస్తే నిజంగా వస్తారా?

చియాంగ్‌మై_టీచరమ్మ
చాలాసార్లు ఫోన్ తీసి 1155 అని నొక్కి అతనికి కనపడేలా పట్టుకుంటే సరిపోతుంది. మా ఇంటికొచ్చిన చుట్టాలతో బస్టాండ్ దగ్గర ఒకతను ఊళ్లోకి మనిషికి 150 అని పట్టుబట్టాడు. నేను కోపం చూపించకుండా నంబర్ ప్లేట్ పైకే చదువుతూ ఫోన్‌లో రాసుకున్నా. 50కి దిగాడు. 30 రేటే గానీ బస్టాండ్ నుంచి సామానుతో అంటే 50 ఇచ్చేస్తాం మేం కూడా.

పప్పుచారు_ప్రసాద్
ఇన్ని లెక్కలా? ఇరవై బాట్ కోసం సెలవంతా పాడుచేసుకుంటారా? నేనైతే అడిగినంత ఇచ్చేస్తా, మనసుకి హాయి.

కరీంనగర్_కిట్టు
ప్రసాద్ అన్నా, నువ్వు అడిగినంత ఇచ్చి పోతవ్, నీ వెనుక వచ్చేటోళ్లకి గదే రేటు చెప్తరు. నీ హాయికి మేం కడుతున్నం పైసలు.

పప్పుచారు_ప్రసాద్
సరే, ఈసారి నీ పేరు చెప్పి బేరమాడతాలే.

లగేజీ_రావు
అప్‌డేట్. సాయంత్రం సెకండ్ రోడ్ మీద పోతున్న బండికి చెయ్యెత్తాం, ఆగింది, నోరు విప్పకుండా ఎక్కాం. మామగారిని పైకి లాగడానికి లోపల కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు చెయ్యిచ్చారు. బజర్ నొక్కే పని కోసం పిల్లలిద్దరూ కొట్టుకుంటే రెండుసార్లు మోగింది, దిగాల్సిన చోటికి ఇంకా దూరం ఉండగానే బండి ఆగింది. సరే అని దిగి అరవై ఇచ్చాం, తీసుకుని మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అత్తగారు ఇప్పుడు, "మరి పొద్దున అతను ఎందుకు అంత తీసుకున్నాడు" అని వేరే దారిలో అడుగుతున్నారు.

నెల్లూరు_నాయుడు
డీజిల్ అని చెప్పండి.

ఉప్పల్_ఉమేశ్
ఇదే చర్చలో అడిగేస్తున్నా. వచ్చే నెల నేను, మా ఫ్రెండ్ కోహ్ చాంగ్ దీవికి పోతున్నాం, లోన్లీ బీచ్‌లో రూమ్. జెట్టీ దగ్గర తెల్ల సాంగ్‌థేవ్‌లు ఉంటాయన్నారు. అక్కడ అడగాలా, అడక్కూడదా?

సుఖుమ్విట్_శీను
అక్కడ బీచ్‌ని బట్టి మనిషికింత అని ముందే రేటు పెట్టుకుంటారు. దగ్గరున్న వైట్ శాండ్ బీచ్‌కి తక్కువ, లోన్లీ బీచ్ గుట్టలు దాటి చివరి వైపు ఉంటుంది కాబట్టి దానికి ఎక్కువ. బేరానికి ఏమీ తగ్గరు. నువ్వు చూడాల్సింది ఫెర్రీ టైము. మధ్యాహ్నం ఫెర్రీలో దిగితే జనం ఉంటారు, బండి వెంటనే నిండుతుంది, అందరూ ఇచ్చేదే నువ్వూ ఇస్తావ్. చివరి ఫెర్రీకి దిగితే ముగ్గురో నలుగురో మిగులుతారు, అప్పుడు పది సీట్ల డబ్బులు మీరే పంచుకోవాలి. పైగా అందరూ మధ్యలోనే దిగిపోతే లోన్లీ బీచ్ దాకా మీ ఇద్దరి కోసం రానంటాడు. ఎక్కేటప్పుడే ఆ పేరు గట్టిగా చెప్పి అతనితో ఊఁ అనిపించుకోండి.

ఉప్పల్_ఉమేశ్
దీవికి ఇవతలి ఒడ్డున ఉన్న ట్రాట్ ఊళ్లో పొద్దున ఆరుకి దింపే రాత్రి బస్సు పట్టుకుంటే?

సుఖుమ్విట్_శీను
అదే మంచిది. అక్కడి నుంచి జెట్టీకి కూడా షేరింగ్ బండ్లే, పొద్దునైతే నిండడానికి ఎంతోసేపు పట్టదు. టిఫిన్ మాత్రం బండి నిండేలోపే తినెయ్యి, నిండగానే చెప్పకుండా బయల్దేరతారు.